వీర్రాజు సార్ చేతిరాత

"కొంచెం హెల్ప్ చేద్దూ," అంటూ మా ఆయన తెల్లకాగితాల కట్ట తెచ్చి గోరుచిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టాడు. పై కాగితానికి తడి అంటి మెత్తబడింది. అది నేను చూశాను. ఆయన చూడలేదు. అద్దం ముందు నిలబడి టై సరిచేసుకుంటున్నాడు.

"ఇవాళ ఏ మాట?" అన్నాను.

"అదే. హెల్ప్. అదొక్కటే మిగిలింది. అర్థాలు, వాడుకలు, నలభై వాక్యాలు. ఎప్పట్లాగే."

నాకు నవ్వొచ్చింది. నవ్వితే ఎందుకంటాడు. చెప్పడం మొదలుపెడితే చిక్కుళ్ళు ఆగుతాయి. చిక్కుళ్ళు ఆగితే మా అమ్మాయి హైందవి బాక్సు ఆగుతుంది, బాక్సు ఆగితే స్కూలు బస్సు పోతుంది, బస్సు పోతే ఆయన బండి మీద దింపాలి, దింపితే సాయంత్రం దాకా "పొద్దున్న నీకు హెల్ప్ చేశాగా" అని వినాలి. అందుకని నవ్వలేదు. ఈనెలు తీస్తూ కూర్చున్నాను.

మాది పంజాగుట్ట, ద్వారకాపురి కాలనీలో మూడో అంతస్తు. ఇక్కణ్ణుంచి అమీర్‌పేట షేర్ ఆటోలో పది నిమిషాలు. ట్రాఫిక్ ఉంటే నడిచేవాళ్ళే ముందు చేరతారు. మైత్రీవనం వెనక సందులో రెండో అంతస్తు మీద 'వీర్రాజు సార్ స్పోకెన్ ఇంగ్లీష్' అని బోర్డు. జావా, ఒరాకిల్, టెస్టింగ్ బోర్డుల మధ్య మా ఆయన ముఖం, చూపుడువేలు ఆకాశం వైపు ఎత్తి. మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేచినకొద్దీ ఈ సందులో ఉద్యోగాల కోసం వచ్చే పిల్లలు ఎక్కువయ్యారు. జిల్లాల నుంచి వచ్చి, పదిమంది ఒక గదిలో ఉండి, అన్నీ నేర్చుకుంటారు. తీరా ఇంటర్వ్యూలో నోరు పెగలదు. నోరు పెగిలించేది మా ఆయన. అది నేను కాదనను. ఆయన గొంతు మైకు లేకుండా చివరి బెంచీ దాకా వెళ్తుంది. నవ్విస్తాడు. భయం పోగొడతాడు. ఆయన చెయ్యనిది ఒక్కటే, రాయడం.

అమీర్‌పేటలో ఒక పద్ధతి ఉంది. అచ్చు పుస్తకాన్ని అక్కడ ఎవరూ నమ్మరు. సార్ చేత్తో రాసిన నోట్సు కావాలి. దాన్ని జిరాక్స్ తీయించుకుని, స్పైరల్ వేయించుకుని, హాస్టల్లో దిండు కింద పెట్టుకుంటారు. అచ్చు ఎవడైనా వేస్తాడు, చేతిరాత అంటే సార్ మనకోసం కూర్చుని రాశాడని వాళ్ళ నమ్మకం. జిరాక్స్ షాపుల ముందు సార్ల రాతలు తోరణాల్లాగా వేలాడుతుంటాయి. ఫలానా సార్ రాత, ఫలానా సార్ రాత అని పిల్లలు దూరం నుంచే గుర్తుపడతారు.

పదకొండేళ్ళుగా వీర్రాజు సార్ చేతిరాత నా చేతిరాత.

ఇది దొంగతనంగా మొదలవలేదు. పెళ్ళయిన కొత్తలో ఇన్‌స్టిట్యూట్ పెట్టినప్పుడు, "నా రాత కోడిగీతలు, నీది ముత్యాలు, ఈ ఒక్కసారికి హెల్ప్ చెయ్యి" అన్నాడు. అప్పుడది నాకు ముద్దుగానే వినబడింది. మా ఊరు అత్తిలి పక్కన. తెలుగు మీడియం బడి. మా ఇంగ్లీషు మాస్టారు నాలుగుగీతల పుస్తకంలో ఒక్క అక్షరం గీత దాటినా పేజీ మొత్తం మళ్ళీ రాయించేవాడు. జి అక్షరం తోకని వెనక్కి మడిచి చిన్న ఉంగరంలా చుట్టడం ఆయన దగ్గర నేర్చుకున్నాను. తణుకులో బి.ఏ. స్పెషల్ ఇంగ్లీషు చదివాను. మా ఆయనది బి.కాం. పెళ్ళిచూపుల్లో మా అత్తగారు, "ఇంగ్లీషు చదివిందా, మంచిదేలే, రేపు పిల్లలకి చెప్పుకుంటుంది," అన్నారు. నా చదువు ఎవరికి ఉపయోగపడాలో అప్పుడే తేలిపోయింది. కాకపోతే పిల్లలు కాస్త ఎక్కువమంది అయ్యారు, అంతే.

మొదటిసారి రాసింది 'గెట్'. తర్వాత 'టేక్'. తర్వాత కీప్, పుట్, మేక్, లెట్. ఒక్కో మాటకి ఒక్కో చిన్న నోట్సు. అత్తగారు మధ్యాహ్నం పడుకున్నాక రెండింటి నుంచి నాలుగింటి దాకా డైనింగ్ టేబుల్ మీద రాసేదాన్ని. నాలుగింటికి ఆవిడ లేచి "టీ" అంటారు. నేను పెన్ను మూత పెడతాను. వాక్యాలు ఎక్కణ్ణుంచి తేవాలి? పుస్తకాల్లోంచి ఎత్తితే పిల్లలు కనిపెడతారని మా ఆయనే అన్నాడు, "సొంతంగా రాయి" అని. సొంతంగా అంటే నాకు తెలిసింది నా ఇల్లే. పాలు పొంగిపోయాయి. గ్యాసు అయిపోయింది. అతను తడి తువ్వాలు మంచం మీద పడేశాడు. నేను మాట్లాడుతుండగా అతను పేపరు తిరగేశాడు. ఇవన్నీ ఇంగ్లీషులో పెట్టాను. పిల్లలకి బాగా పట్టాయట. మా ఆయన క్లాసులో వాటిని నటించి చూపిస్తాడట, తడి తువ్వాలుతో సహా. ఆ తువ్వాలు తనదని ఆయనకి తోచినట్టు లేదు. నోట్సు ముందుగా చదివే అలవాటు ఆయనకి లేదు. బోర్డు దగ్గర నిలబడ్డాకే తెరుస్తాడు. నా మీద అంత నమ్మకం.

ఒక్కసారి, ఆయనకి టైఫాయిడ్ వచ్చినప్పుడు, మూడు రోజులు నేను వెళ్ళి పాఠం చెప్పాను. గొంతు నిలబడింది. మూడో రోజు ఒక బ్యాచ్ మొత్తం మెట్ల దాకా వచ్చి డౌట్లు అడిగింది. ఇంటికొచ్చి చెబితే ఆయన పక్క మీద నుంచే, "బాగానే హెల్ప్ చేశావట. ఇంక రేపట్నుంచి నేను వెళ్తాలే. నా పద్ధతి వేరు, నీ పద్ధతి వేరు, పిల్లలు కన్ఫ్యూజ్ అవుతారు," అన్నాడు. అప్పటికి ఇంకా నూట ఒకటి జ్వరం ఉంది. అయినా వెళ్ళాడు.

ఇప్పుడు సంగతేంటంటే, పుస్తకం వస్తోంది. కోఠీలో ఒక పబ్లిషర్ ఈ నోట్సులన్నీ కలిపి ఒకటే పుస్తకంగా వేస్తానన్నాడు. అక్షరాలు కూర్చి కాదు, ఉన్న చేతిరాతని ఉన్నట్టే. పిల్లలు నమ్మేది ఆ రాతనే కాబట్టి పేరు కూడా 'వీర్రాజు సార్ చేతిరాత' అని పెట్టారు. అట్ట మీద చూపుడువేలు ఫోటో. మా ఆయన నాకు ఆ అట్ట చూపించి, "ఎలా ఉంది?" అన్నాడు.

"చేతిరాత నాది కదండీ," అన్నాను.

"అబ్బా, అది ఇంట్లో సంగతి," అన్నాడు. "నీదీ నాదీ వేరా ఏంటి?"

వేరు కానప్పుడు నా పేరు పెడితే ఏం? ఆ మాట నోటిదాకా వచ్చింది. కుక్కరు కూత వేసింది. ఈ ఇంట్లో నేను అడగాల్సినవి చాలా కుక్కరు కూతల్లో కలిసిపోయాయి.

చిక్కుళ్ళు అయ్యాయి. బాక్సు అయ్యింది. బస్సు వెళ్ళింది. మంగవ్వ వచ్చింది. బోరబండ నుంచి వచ్చి మా అంతస్తులో నాలుగిళ్ళు చేస్తుంది. పక్క ఫ్లాట్ ఆవిడ కొత్తగా 'పనిమనిషి' అనడం మానేసి 'హెల్ప్' అంటోంది, "మా హెల్ప్ ఇంకా రాలేదండీ" అని. మర్యాదట. గిన్నెలు తోముతున్న మంగవ్వని అడిగాను, నీకు ఏ మాట బాగుంటుందని.

"నేను హెల్ప్ చేస్తలేనమ్మా, పని చేస్తున్న," అంది, పీచు ఆపకుండానే. "పని అన్న ఇంట్ల పండక్కి చీర పెడ్తరు. హెల్ప్ అన్న ఇంట్ల థాంక్స్ పెడ్తరు. గా థాంక్స్ ఏం గట్టుకుంట?"

నా దగ్గర ఎన్ని థాంక్సులు ఉన్నాయో అప్పుడు గుర్తొచ్చింది. బీరువా నిండిపోవాలి.

మధ్యాహ్నం కాగితాల ముందు కూర్చున్నాను. ఇంతకు ముందు ఏ మాటకీ ఇంత కష్టపడలేదు. మొదటి వాక్యం వెంటనే వచ్చింది. మై హజ్బెండ్ హెల్ప్స్ మి ఇన్ ద కిచెన్. ఏడాదికి రెండుమూడు సార్లు ఆయన బీన్స్ కోస్తాడు. కోసిన ప్రతిసారీ రాజమండ్రిలో ఉన్న వాళ్ళక్కకి ఫోన్లో చెబుతాడు, "ఇవాళ అరుణకి వంటలో హెల్ప్ చేశా." అత్తగారు పక్కనుంచి, "ఎంత హెల్పో! మా కాలంలో మగాళ్ళు తాగిన గ్లాసు కూడా తియ్యలేదమ్మా. నా కొడుకు బంగారం," అంటారు. ఆవిడకి వచ్చిన నాలుగు ఇంగ్లీషు మాటల్లో హెల్ప్ ఒకటి. ఆ బీన్స్ ఆయన తినే కూరలోవే. ఆయన నోట్లోకి పోయే ముద్దకి ఆయన నాకు సాయం చేశాడు. హైందవి పుట్టినప్పుడు ఆసుపత్రిలో మూడు రోజులు ఉండి, వచ్చినవాళ్ళందరితో "తనకి హెల్ప్‌గా ఉంటుందని సెలవు పెట్టా" అన్నాడు. పుట్టింది నాకు మాత్రమే అన్నట్టు. రెండో వాక్యం దాని కింద రాశాను. ఐ హెల్ప్ మై హజ్బెండ్ ఇన్ హిజ్ ఇన్‌స్టిట్యూట్. ఇందులోనూ తప్పేం లేదు. మా మాస్టారు చూసినా సరే అంటాడు. రెంటినీ ఒకదాని కింద ఒకటి పెట్టుకుని చాలాసేపు చూశాను. ఇంట్లో పని నాది కాబట్టి ఆయన చేస్తే హెల్ప్. బయట పని ఆయనది కాబట్టి నేను చేస్తే హెల్ప్. బీన్స్ కోసిన పావుగంటకీ, రాసిన పదకొండేళ్ళకీ ఒకటే మాట. ఆయన పావుగంట రాజమండ్రి దాకా వెళ్ళింది. నా పదకొండేళ్ళు ఈ టేబుల్ దాటలేదు.

మా ఊళ్ళో ఈ మాట లేదు. సాయం అనేవాళ్ళు. గడ్డిమోపు కట్టి నెత్తికెత్తుకోవాలంటే ఒక్కదాని వల్ల కాదు. దారిన పోయేవాళ్ళని "కాస్త సాయం పట్టమ్మా" అని పిలుస్తారు. వాళ్ళు ఒక చెయ్యి వేసి మోపు నెత్తిమీదికి ఎక్కించి వాళ్ళ దోవన వాళ్ళు పోతారు. మోసేది ఎత్తుకున్న మనిషి. మోపూ ఆ మనిషిదే. సాయం పట్టినవాడు ఊళ్ళోకొచ్చి గడ్డి నాదని చెప్పుకోగా నేను వినలేదు. ఇంటిదాకా మోసిన మనిషిని చూసి "పాపం, సాయం పట్టింది" అన్నవాళ్ళనీ చూడలేదు. ఇక్కడికొచ్చాక మోసి మోసి నేను సాయం పట్టినదాన్ని ఎప్పుడయ్యానో తెలియడం లేదు.

"టీ," అన్నారు అత్తగారు.

సాయంత్రం హైందవి స్కాలర్‌షిప్ కాగితాలు జిరాక్స్ తీయించడానికి అమీర్‌పేట వెళ్ళాను. మా ఆయన నోట్సులు తీసే రాజనర్సయ్య షాపే. నాలుగు మెషీన్లు, ఎప్పుడూ ఇంకు వాసన, వేడి. దరఖాస్తులో ఒక పేజీ మిగిలిపోతే అక్కడే కౌంటర్ మీద నింపుతున్నాను. పక్కన ఒకమ్మాయి స్పైరల్ వేసిన నోట్సు తిరగేస్తోంది. బ్యాగు జిప్పుకి చిన్న సిలువ వేలాడుతోంది. పేజీలో నా అక్షరాలు. 'కీప్'. అతను ప్రతిసారీ తాళాలు ఎక్కడ పెట్టాడో నన్నే అడుగుతాడు, అన్న వాక్యం దగ్గర వేలు పెట్టి పెదవులు కదుపుతోంది.

"బాగుంటాయామ్మా ఈ నోట్స్?" అన్నాను. ఎందుకు అడిగానో తెలియదు.

"సూపర్ ఆంటీ," అంది. "వేరే నోట్సుల్లో అన్నీ రాము మంచి బాలుడు, సీత బడికి వెళ్తుంది. ఈ సార్ అట్లా కాదు. ఇల్లు తెలుసు ఈ సార్‌కి. గ్యాసు ఎన్ని రోజులొస్తుంది, పెరుగు తోడుకోకపోతే ఏం చెయ్యాలి, అన్నీ తెలుసు. మా హాస్టల్లో అందరం అనుకుంటాం, ఇట్లాంటి మొగుడు దొరకాలి అని."

నేను దరఖాస్తు వైపు చూశాను. తండ్రి పేరు, తండ్రి వృత్తి, తండ్రి చిరునామా.

"సార్ వాళ్ళావిడ ఎంత లక్కీయో కదా ఆంటీ," అంది ఆ అమ్మాయి.

ఏం చెప్పను? లక్కీయే అన్నాను. ఆ అమ్మాయి పేరు ఒలీవియా అట. చీరాల నుంచి వచ్చింది. సోమవారం కొత్త బ్యాచ్ డెమో క్లాసుకి తప్పకుండా వస్తానని, సార్‌ని దగ్గర్నుంచి చూడాలని చెప్పి వెళ్ళింది.

రాజనర్సయ్య నా చేతిలో కాగితం అందుకుని మెషీన్ మీద పెట్టబోయి ఆగాడు. నేను నింపిన పేజీని ఒకసారి, తాడుకి వేలాడుతున్న నోట్సుని ఒకసారి చూశాడు.

"అమ్మా, ఒక్క మాట అడుగుత, ఏమనుకోవద్దు," అన్నాడు మెల్లగా. "పదేండ్ల సంది నాకు కాగితాలే పని. సార్ రాత నాకెర్కనే, ఆర్డర్ బుక్కుల సంతకం చేస్తడు కద. గీ తోక మడత సార్‌ది కాదు."

నేను పెన్ను సంచిలో వేసుకున్నాను.

"నేనెవ్వరికి చెప్పలే," అన్నాడు. "ఎర్కై శాన దినాలైంది." మెషీన్ మూత వేశాడు. కింద నుంచి పచ్చటి వెలుగు ఒక పక్కనుంచి ఇంకో పక్కకి పోయింది.

షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చుని ఇంటికొస్తుంటే ఏడుపు రావాలి. రాలేదు. చిరాకొచ్చింది. జిరాక్స్ షాపాయనకి కూడా తెలిసింది నాకొక్కదానికే తెలియనట్టు ఇన్నేళ్ళు నటించింది నేనేనా అని.

శనివారం పొద్దున్న మా ఆయన కాఫీ తాగుతూ, "ముందుమాట ఒకటి కావాలట. తెలుగులో ఉంటే పిల్లలకి దగ్గరగా ఉంటుంది. చెబుతా, రాసుకో," అన్నాడు. నేను దోసె పెనం కింద పొయ్యి కట్టేసి పెన్ను తీసుకున్నాను. ఆయన గదిలో అటూ ఇటూ నడుస్తూ చెబుతున్నాడు, క్లాసులో లాగా.

"ప్రియమైన విద్యార్థులారా... కామా. పల్లె నుంచి వచ్చిన మీ భయం నాకు తెలుసు. ఫుల్‌స్టాప్. తెలుగు మీడియం బెంచీ మీద కూర్చున్న చెయ్యే ఇది."

మా ఆయన కాకినాడలో కాన్వెంటు. నేను తలెత్తి చూశాను. ఆయన కిటికీలోంచి చూస్తున్నాడు.

"రాశావా? ఈ పుస్తకంలో ప్రతి అక్షరం, ప్రతి వాక్యం నేను నా స్వహస్తాలతో రాశాను. ఎవరి దగ్గరా ఎత్తి రాయలేదు."

పెన్ను ఆగింది.

"స్వహస్తాలా?" అన్నాను.

"అవును. ఏం, తప్పా? స్వ ఒత్తు సరిగ్గా రాయి."

"అది కాదండీ. నా చేత్తో, మీరు స్వహస్తాలతో రాశానని, నేను రాయాలా?"

ఒక్క క్షణం ఆయన కూడా ఆగాడు. ఏదో తట్టినట్టే ఉంది. తట్టి వెళ్ళిపోయింది. "పొద్దున్నే మొదలుపెట్టకు అరుణా. పబ్లిషర్ అడిగాడు, నేనేం చెయ్యను? పిల్లలు అలాగే అనుకుంటున్నారు కదా. చివర్లో నీ గురించి కూడా వేద్దాంలే. 'ఎంతో హెల్ప్ చేసిన నా శ్రీమతికి' అని. సరేనా?"

"శ్రీమతి అంటే నా పేరు కాదు."

"అందరూ అలాగే వేస్తారే!"

గదిలోంచి అత్తగారు, "వాడి పుస్తకమమ్మా, వాడు చెప్పినట్టు రాసెయ్యి. నీకు పోయేదేముంది?" అన్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. నాకు పోయేదేమిటో నిజంగానే ఆవిడకి తెలియదు. ఆవిడకి పోయినవి ఎవరూ ఆవిడకి చెప్పలేదు.

మా ఆయన వాచీ చూసుకున్నాడు. "బ్యాచ్‌కి టైమైంది. మిగిలింది నువ్వే పూర్తిచేసెయ్. కింద సంతకం కూడా నువ్వే పెట్టెయ్, నా సంతకం ఆ రాతకి అతకదు. హెల్ప్ నోట్సు, ఈ పేజీ రెండూ సాయంత్రం రాజనర్సయ్యకి ఇచ్చెయ్. ముందుమాట మూడొందల కాపీలు, సోమవారం డెమోలో పంచాలి. ఒరిజినల్ పబ్లిషర్ మనిషి అక్కణ్ణుంచే పట్టుకెళ్తాడు."

"మీరు ఒకసారి చూడరా?"

"నువ్వు రాశాక నేను చూసేదేముంటుంది?" మెట్ల మీద నుంచి గొంతు వినిపించింది. మంచి గొంతు. మూడంతస్తుల కిందినుంచీ స్పష్టంగా వినబడింది.

దోసె పిండి మీద నీరు తేలింది. హైందవికి రెండు వేసి పెట్టాను. అది తింటూ నా ముందున్న పేజీని చదివింది. పదో ఏడు. అన్నీ పైకి చదువుతుంది. "ఈ పుస్తకంలో ప్రతి అక్షరం, ప్రతి వాక్యం నేను నా స్వహస్తాలతో రాశాను," అని చదివి, నా చేతివైపు చూసి, "నిజమే కదమ్మా, రోజూ రాస్తావుగా," అంది. చట్నీ కావాలంది.

చట్నీ వేశాను. వేసి వచ్చి కూర్చున్నాను.

ముందు హెల్ప్ నోట్సు పూర్తిచేశాను. నలభై వాక్యాలు, ఒక్కటి కూడా తగ్గించలేదు. బీన్స్ పెట్టాను, రాజమండ్రి ఫోను పెట్టాను, గడ్డిమోపు పెట్టాను. గడ్డిమోపుకి ఇంగ్లీషులో సరైన మాట దొరక్క అరగంట పట్టింది. తర్వాత ముందుమాట కొత్త కాగితం మీద మళ్ళీ రాశాను. తెలుగు మీడియం బెంచీ అలాగే ఉంచాను. పల్లె నుంచి వచ్చిన భయం ఉంచాను. స్వహస్తాల వాక్యం దగ్గర కూడా ఒక్క మాట మార్చలేదు. మార్చాల్సిన అవసరం కనబడలేదు. ఆయన చెప్పినంతసేపూ అబద్ధంగా ఉన్నది నేను రాసేసరికి నిజమైంది.

కింద కుడివైపు సంతకం పెట్టాను. అరుణాదేవి. నా పేరు రాసి ఎన్నాళ్ళయిందో. తరగతి టీచరు పంపే కాగితాల మీద కూడా 'తల్లి' అన్న చోట గీత గీసి వదిలేస్తారు.

సాయంత్రం రాజనర్సయ్య పేజీ తీసుకుని పైనుంచి కిందికి చదివాడు. కింద చాలాసేపు ఆగాడు.

"సార్ చూసిండా అమ్మా?"

"సార్ ఎప్పుడూ చూడరు కదా."

రాజనర్సయ్య మూడొందలు అని నొక్కి, "జర జరుగుండ్రమ్మా, వేడి కొడ్తది," అన్నాడు. నేను జరగలేదు. కాపీలు ఒకదాని మీద ఒకటి పడుతుంటే అన్నీ పడేదాకా అక్కడే నిలబడ్డాను. మొదటి కాపీ ఆయన తాడుకి తగిలించాడు, క్లిప్పు పెట్టి, రోడ్డు మీదికి కనబడేలా.

ఆదివారం గడిచింది. మా ఆయన రెండుసార్లు "ఇచ్చేశావుగా?" అన్నాడు. ఇచ్చేశాను అన్నాను. అబద్ధమెందుకు, రెండుసార్లు చెప్పేద్దామనుకున్నాను కూడా. ఒకసారి ఆయన క్రికెట్ చూస్తున్నాడు. ఇంకోసారి నేనే మానుకున్నాను.

సోమవారం పన్నెండున్నరకి తాళం తిప్పిన చప్పుడైంది. ఆ వేళకి ఆయన ఎప్పుడూ ఇంటికి రాడు. టై వదులైపోయి ఉంది. చేతిలో ఒక కాపీ. అత్తగారు టీవీ గొంతు తగ్గించారు.

"ఏంటిది?" అన్నాడు.

"ముందుమాట."

"అది కాదు. ఇది." పేరు మీద వేలు పెట్టాడు. బోర్డు మీద ఆకాశం చూపించే వేలే. "రెండొందల మంది ముందు అరుణా! ఎవరో చీరాల పిల్లట, లేచి నిలబడి అడుగుతుంది, 'సార్, అరుణాదేవి ఎవరు సార్?' అని."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? మా మిసెస్, నోట్స్‌లో హెల్ప్ చేస్తుంది అన్నాను."

"ఊఁ."

"ఊఁ ఏంటి? ఆ పిల్ల కూర్చోదే! 'హెల్ప్ అంటే ఏం చేస్తారు సార్, ప్రతి అక్షరం ఆవిడే రాశానంటున్నారు కదా సార్,' అంటుంది. క్లాసంతా నవ్వు. కింద రాజనర్సయ్య షాపు ముందు తోరణం కట్టాడు దీన్ని!" కాగితం టేబుల్ మీద కొట్టాడు. "పబ్లిషర్ ఫోన్. 'ఏంటి సార్, ఎవరి పుస్తకం వేస్తున్నాం మేం, అట్ట మీద ఎవరి పేరు పెట్టాలి?' అని. రేపటికల్లా తేల్చాలట. నా పరువేం కావాలి?"

"నేనేం అబద్ధం రాయలేదండీ."

"అబద్ధమని ఎవరన్నారు?" అనేసి ఆయన ఆగిపోయాడు. అన్న మాట ఆయనకే వినబడింది. టీవీలో ఎవరో పాట పాడుతున్నారు, గొంతు లేకుండా.

"అమ్మా అరుణా," అన్నారు అత్తగారు, ఈసారి కాస్త మెత్తగా. "వాడికి ఇంకో కాగితం రాసి పడెయ్యకూడదూ?"

"రాయనండత్తయ్యా."

ఆ మాట ఈ ఇంట్లో నేను మొదటిసారి అన్నాను. పెద్దగా అనలేదు. కుక్కరు పొయ్యి మీద లేదు, అందుకని అందరికీ వినబడింది.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కోపం దిగిపోయి ముఖం మీద ఇంకేదో వచ్చింది. భయమో, లెక్కలో. "సరే, నీ పేరు కూడా వేద్దాం. నా పేరు పక్కన చిన్నగా. ఇప్పుడు ఈ పేజీ మార్చి రాసివ్వు," అన్నాడు. "ఆ రాతలోనే ఉండాలి కదా. నాకేమో ఆ రాత రాదు. తెలుసుగా నీకు?"

తెలుసు. నాకు తెలియందేముంది. గోడ అల్మరాలో పై అరలో హైందవి ఒకటో తరగతి పుస్తకాలు ఉన్నాయి. అందులోంచి నాలుగుగీతల కాపీ పుస్తకం తీశాను. సగం పేజీలు ఖాళీ. దుమ్ము దులిపి ఆయన ముందు పెట్టాను. తడి అంటకుండా పక్కనున్న మంచినీళ్ళ గ్లాసు తీసేశాను. నా పెన్ను మూత తీసి పుస్తకం మీద పెట్టాను.

"పుస్తకం నా పేరుతోనన్నా వెయ్యమనండి, లేదా ఇక్కణ్ణుంచి మీరే రాయండి," అన్నాను. "జి అక్షరంతో మొదలుపెట్టండి. తోక దగ్గర కష్టంగా ఉంటుంది. నేను హెల్ప్ చేస్తాను."